ప్రోస్థెటిక్ మేకప్ నేర్చుకోవాలంటే గోదారి దాటాల్సిందేనా? (తెలిసినవాళ్ళు చెప్పండి)

లంకకుర్రోడు, రాజోలు దగ్గర

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు పక్కన లంక ఊరు. పోయినేడు డిగ్రీ అయిపోయింది, ఇప్పుడు ఖాళీ. చిన్నప్పట్నుంచీ బొమ్మలు గీస్తాను, దసరాకి మా వీధిలో పులి వేషాలకి రంగులు నేనే వేస్తాను. మొన్న ఫ్రెండ్స్ షార్ట్ ఫిల్మ్ తీస్తే అందులో కాలిపోయిన మొహం నేనే చేశాను, టిష్యూ పేపర్, ఫెవికాల్, కుంకుమ, కాఫీ పొడి అంతే, ఫోన్లో చూసుకుంటే నాకే భయమేసింది అంత బాగా వచ్చింది. అప్పట్నుంచి ఇదే పిచ్చి. నేనడిగేది పెళ్ళికూతురు మేకప్ కాదండి, ఒంటికి ముక్కలు అతికించి ముసలోళ్ళని చెయ్యడం, గాయాలు, తెగిన చెయ్యి, దెయ్యాలు, అవి. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ చేస్తే మూడు నెలల కోర్సుకి చెప్పిన ఫీజు విని మా నాన్న "ఆ డబ్బుతో రెండేళ్ళు చేలు కౌలుకి చేసుకోవచ్చు, మొహాలకి రంగులెయ్యడానికి అంతా?" అన్నారు. ఆయన అన్నదీ తప్పు కాదు. అప్పు చేసి వెళ్ళాలా, ఎవరి దగ్గరైనా అసిస్టెంట్‌గా చేరాలా, అసలిది మనలాంటోళ్ళకి కుదిరే పనేనా? ఎవరైనా ఈ లైన్లో ఉంటే చెప్పండి ప్లీజ్.

ఆత్రేయపురం_పూత

ఆయ్, అవన్నీ తర్వాత చెప్పుకుందాం గానీ ముందు ఆ ఫెవికాల్ తీసేటప్పుడు ఏమైందో చెప్పండి 😂

లంకకుర్రోడు

అది అడక్కూడదని అనుకుంటూనే ఉన్నానండి. మా పిన్ని కొడుకు మొహానికి వేశాను, ఎండాక గుంజితే ఒక పక్క కనుబొమ్మ సగం ముక్కతో పాటు వచ్చేసింది. పది రోజుల్లో వాళ్ళక్క పెళ్ళి. పెళ్ళి ఆల్బం మొత్తం వాడికి కనుబొమ్మ పెన్సిల్‌తో గీసిందే. పిన్ని ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు.

పాతపెట్టె, పాలకొల్లు

బాబూ, నేను ఈ పనిలో 17 ఏళ్ళ నుంచి ఉన్నాను, మొదట చెన్నై, తర్వాత హైదరాబాద్, రెండేళ్ళ క్రితం అమ్మ ఒంట్లో బాగోక ఇంటికొచ్చేశాను. పిలిస్తే వెళ్ళి చేసొస్తాను. నీ కనుబొమ్మ కథ చదివి నవ్వాను గానీ నవ్వే విషయం కాదు, ముందు అదే చెప్తాను. మనం పని చేసేది కాన్వాస్ మీద కాదు, మనిషి చర్మం మీద. ఫెవికాల్ చెక్కకి. చర్మానికి దాని గమ్ములు దానికున్నాయి, ప్రోస్-ఎయిడ్ అని పాలలాగా తెల్లగా ఉంటుంది, ఆరాక కనపడదు, దానికి వేరే రిమూవర్ ఉంటుంది, బ్రష్‌తో అంచు కింద నెమ్మదిగా పంపించుకుంటూ ఓపిగ్గా తియ్యాలి. లాగడం అనే మాటే లేదు. ఏది వేసినా ముందురోజు మోచేతి లోపలి పక్క చిన్న చుక్క పెట్టి చూడాలి, దురద, ఎరుపు వస్తే ఆపెయ్యాలి. లేటెక్స్ అంటే రబ్బరు పాలు, అవి పడనివాళ్ళు ఉంటారు, వాళ్ళకి అది ప్రాణం మీదకే రావచ్చు.

ఇక నీ ప్రశ్న. నేను కోర్సు చెయ్యలేదు. ఒకాయన దగ్గర పెట్టెలు మోశాను. రెండేళ్ళు. ఆయన రంగు కలిపేటప్పుడు వీపు మావైపు తిప్పి కలిపేవారు. గమ్ము సీసాల మీద లేబుళ్ళు పీకేసి ఒకటి, రెండు, మూడు అని నెంబర్లేసేవారు. "మూడు అందుకో" అంటే అందుకోవడమే, మూడులో ఏముందో తెలీదు. ఒకరోజు ఆయన లేనప్పుడు మూత తీసి వాసన చూశాను, ఉత్త స్పిరిట్ గమ్, మీసాలు అతికించే మామూలు గమ్ము. దానికోసం రెండేళ్ళు! ఆయన్ని తిట్టట్లేదు, ఆయనకీ వాళ్ళ గురువు అలాగే చేసి ఉంటాడు. కానీ ఆ రెండేళ్ళూ నాకు తిరిగి రావు కదా.

అదే టైంలో అమెరికాలో డిక్ స్మిత్ అనే ఆయన గురించి చదివాను. 1922లో పుట్టి 2014లో పోయాడు. ముసలి మొహానికి ఒకటే మాస్క్ తగిలించకుండా చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి ఒకదాని మీద ఒకటి అంచులు కలిసేలా అతికించడం ఆయన పట్టుకొచ్చిన పద్ధతే, అందుకే లోపల నటుడి మొహం కదులుతుంది. ఆయన దగ్గర రహస్యాలు లేవు. ఎక్కడో ఊళ్ళో ఉన్న కుర్రాడు ఉత్తరం రాస్తే ఫార్ములాలతో సహా జవాబు రాసేవాడు. పోస్టులో పాఠాలు కూడా నడిపాడు. అలా ఉత్తరం రాసిన కుర్రాళ్ళలో ఒకడు రిక్ బేకర్, మేకప్‌కి ఏటా ఆస్కార్ ఇవ్వడం మొదలెట్టాక మొదటిది అతనికే, మొత్తం ఏడు కొట్టాడు. స్మిత్ గారికి 1984లో వచ్చిన 'అమెడియస్' సినిమాకి ఒకటి, 2011లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. అన్నీ చెప్పేసినా ఆయన పని ఎవడూ లాక్కోలేదు.

కాబట్టి అప్పు చెయ్యకు. ముందు మట్టి పట్టుకో.

కొత్తపేట_మట్టి

పాతపెట్టె గారు ఆఖరి ముక్క చెప్పారు, నేను అందుకుంటాను. నేను విగ్రహాలు చేసే షెడ్‌లో పని చేస్తాను, సినిమా మనిషిని కాదు. మా కొత్తపేట సంగతి గోదావరి జిల్లాల్లో అందరికీ తెలుసు, రాజ్‌కుమార్ వుడయార్ గారి శిల్పశాల వల్ల ఊరికే పేరొచ్చింది, ఎక్కడెక్కడి సెంటర్లలో విగ్రహాలో ఇక్కణ్ణుంచే వెళ్ళాయి. చెప్పొచ్చేదేంటంటే తమ్ముడూ, మట్టిలో ముక్కు చెయ్యడం రానోడికి సిలికాన్‌లో ముక్కు రాదు. సిలికాన్ అంటే అచ్చులో పోస్తే రబ్బరులా గట్టిపడేది, అది మట్టిని కాపీ కొడుతుంది అంతే. విగ్రహానికి మొహం చేసేటప్పుడు మేం మొదట పుర్రె వేసుకుంటాం, చెంప ఎముక ఎక్కడ, దవడ ఎక్కడ తిరుగుతుంది, తర్వాతే కండ. ముసలాయన మొహమంటే గీతలు గీసెయ్యడం కాదు. కండ కరిగి చర్మం జారుతుంది, ఎక్కడ ఎముకకి పట్టుకుని ఉంటుందో అక్కడ ఆగి మడత పడుతుంది. ముక్కు కొస దిగుతుంది, చెవి తమ్మె సాగుతుంది. సాయంత్రం రావిచెట్టు కింద కూచునే పెద్దాళ్ళని చూడు, ఫోన్ పక్కన పెట్టి, గంట చూడు. వాళ్ళు నిన్ను పిచ్చోడనుకుంటారు, పర్లేదు.

ఇంకోటి, మా దగ్గర మోల్డు, అంటే అచ్చు, దాని పైన ప్లాస్టర్ తొడుగుకి కొబ్బరి పీచు కలుపుతాం, పగలదు. కోనసీమలో పీచుకి కొరవేముంది. బయట గోనె గుడ్డ వాడతారంట, పని ఒకటే.

పాతపెట్టె, పాలకొల్లు

పీచు మాట నూటికి నూరు పాళ్ళు కరెక్ట్, నేనూ అదే వాడతాను. ఒక్క హెచ్చరిక. విగ్రహాలకి వాడే నూనె మట్టిలో కొన్నింటిలో గంధకం ఉంటుంది, దాని మీద ప్లాటినం సిలికాన్, మనం ముక్కలకి వాడే రకం, పోస్తే ఎన్ని రోజులున్నా గట్టిపడదు, జిగట జిగటగా ఉండిపోతుంది. గంధకం లేని మట్టి అని అడిగి తీసుకోవాలి. లేటెక్స్ గ్లవ్స్ వేసుకుని ముట్టుకున్నా అంతే, వినైల్ గ్లవ్స్ వాడాలి. నేను మొదటిసారి కిట్ మొత్తం ఇలాగే తగలేశాను. ఎందుకు గట్టిపడలేదో తెలీక, కలపడం రాలేదేమోనని ఇంకో కిట్ కొని అదీ తగలేశాను. రెండు నెలల సంపాదన. మా గురువుగారికి తెలుసు ఎందుకో, అడిగితే "అనుభవం మీద వస్తుందిరా" అన్నారు.

భీమారం_బ్యూటీపార్లర్

నమస్తే అండి, నేను భీమవరంలో బ్రైడల్ మేకప్ చేస్తాను, ఆరేళ్ళయింది. నాకూ ఇది నేర్చుకోవాలని ఎప్పట్నుంచో ఉంది. ఒకసారి ఇక్కడ షూటింగ్ జరుగుతుంటే వెళ్ళి అడిగాను, అక్కడున్న ఒకాయన "ఆడాళ్ళు హెయిర్ చేసుకోండమ్మా, మేకప్ మగాళ్ళ పని" అన్నాడు నవ్వుతూ. నిజంగా అలా రూల్ ఉందా?

మణికొండ_నైట్‌షిఫ్ట్

అక్కా రూల్ ఉండేది, ఇప్పుడు లేదు. ముంబైలో సినిమా మేకప్ వాళ్ళ సంఘం ఏళ్ళ తరబడి ఆడవాళ్ళకి మేకప్ ఆర్టిస్ట్‌గా సభ్యత్వ కార్డు ఇచ్చేది కాదు, హెయిర్ డ్రెస్సర్ కార్డే. చారు ఖురానా అనే ఆవిడ కోర్టుకెళ్ళింది, ఆవిడ విదేశంలో మేకప్ నేర్చుకుని వచ్చిన మనిషి. 2014 నవంబర్ 10న సుప్రీంకోర్టు అది చెల్లదని కొట్టేసింది. ఆ రాష్ట్రంలో ఇన్నేళ్ళు ఉంటేనే కార్డిస్తాం అన్న రూల్ కూడా దాంతో పాటే పోయింది. ఎవరైనా మళ్ళీ ఆ మాట అంటే ఆ తేదీ చెప్పండి.

నాది అమలాపురం, ఇక్కడ హైదరాబాద్‌లో ప్రోస్థెటిక్ టీంలో మూడేళ్ళుగా చేస్తున్నాను. ఉన్నదున్నట్టు చెప్తాను. కోర్టు మారింది గానీ సెట్ మొత్తం మారలేదు. రాత్రి షూట్ అయితే ఇంటికి బండి నేనే అడిగి పెట్టించుకుంటాను, ఎక్కడో లంకల్లో ఔట్‌డోర్ అంటే బాత్రూం ఎక్కడని ముందే ఫోన్ చేసి అడుగుతాను, సిగ్గు పడను. కానీ ఒక లాభం ఉంది, మీరు ఆరేళ్ళు పెళ్ళికూతుళ్ళకి చేశారంటే చర్మం రంగు కలపడం మీకు వచ్చినట్టే. ఇక్కడ కోర్సులు చేసి వచ్చినోళ్ళలో చాలామందికి అదే రాదు. సిలికాన్ ముక్క అద్భుతంగా ఉంటుంది, మెడ రంగుతో కలవదు, బొమ్మ తలకాయ పెట్టినట్టుంటుంది. మన చర్మం ఒక రంగు కాదు కదక్కా, కింద ఎరుపు, కంటి చుట్టూ నీలం, గడ్డం దగ్గర ఆకుపచ్చ ఛాయ. పల్చగా పొర మీద పొర, చుక్కలు చుక్కలుగా చల్లాలి.

భీమారం_బ్యూటీపార్లర్

థాంక్యూ చెల్లెమ్మా. ఆ తేదీ డైరీలో రాసుకున్నాను. ఆయన నెంబర్ కూడా ఉంది నా దగ్గర.

నర్సాపురం_సూది

ఒక డౌటండి, నవ్వకండి. విగ్గులకి, గడ్డాలకి లేసు వాడతారంటారు కదా, మా ఊరే లేసు ఊరు, మా అత్తగారు కుట్టే లేసు పనికొస్తుందా?

మణికొండ_నైట్‌షిఫ్ట్

నవ్వట్లేదు, నేనూ మొదట అదే అనుకున్నాను. మీది కొక్కెంతో అల్లే లేసు, పూలూ గళ్ళూ కనపడాలి. విగ్గు లేసు దోమతెర కన్నా పల్చటి జాలీ, కనపడకూడదు. దానికి ఒక్కో వెంట్రుక కొక్కేనికి తగిలించి ముడెయ్యాలి, ఒక గడ్డానికి రోజులు పడుతుంది. అయితే మీ అత్తగారి చెయ్యి, కన్ను ఉన్నాయి చూశారూ, అవి మాత్రం పనికొస్తాయి. కొక్కెం పట్టుకోవడం అలవాటున్నవాళ్ళు వారంలో నేర్చుకుంటారు, మాకు నెలలు పట్టింది. వెంట్రుకలకి కొదవ లేదు, తిరుమల తలనీలాలు వేలంలో ప్రపంచమంతా కొనుక్కెళ్తుంది. నిజంగా ఆవిడకి ఆసక్తి ఉంటే మెసేజ్ పెట్టండి, ఈ పని చేసేవాళ్ళు దొరక్క మేం చస్తున్నాం.

తాడేపల్లి_రీల్

ఇదంతా బాగానే ఉంది గానీ పదేళ్ళాగితే ఈ పనే ఉండదు, అన్నీ కంప్యూటర్లోనే చేసేస్తారు. తమ్ముడూ గ్రాఫిక్స్ నేర్చుకో, ఏసీలో కూచుని పని.

మణికొండ_నైట్‌షిఫ్ట్

ఈ మాట నేను పుట్టకముందు నుంచీ అంటున్నారంట. 2018 సినిమాలకి ఇచ్చిన 66వ జాతీయ అవార్డుల్లో బెస్ట్ మేకప్ మన 'అ!' సినిమాకి రంజిత్ గారికొచ్చింది, అదే సినిమాకి స్పెషల్ ఎఫెక్ట్స్ అవార్డు కూడా. రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి. మేం అతికిస్తే వాళ్ళు అంచు చెరుపుతారు, వాళ్ళు చెయ్యి మాయం చేస్తే తెగిన చోట మొండి మేం చేస్తాం. పైగా చిన్న సినిమావాడికి గ్రాఫిక్స్ బిల్లు కంటే నా బిల్లే తక్కువ.

గుడారం

పేరు చెప్పను, నేనూ ఇదే లైన్. పాతపెట్టె గారూ మీరు పెద్దవారు, తప్పుగా అనుకోకండి. అన్నీ అందరికీ చెప్పేస్తే రేపు ప్రతి ఊళ్ళో ఒకడు "నేను ప్రోస్థెటిక్ చేస్తా" అని తయారవుతాడు. ప్రొడక్షన్ మేనేజర్ నాకు లక్ష చెప్పిన పనికి వాడు ఇరవై వేలంటాడు. పని చెడిపోతుంది, రేటు చెడిపోతుంది, చివరికి "ప్రోస్థెటిక్ అంటే ఇంతే" అని పేరు చెడిపోతుంది. కార్డు కోసం నేను కట్టిన డబ్బు, తిన్న మాటలు నాకు తెలుసు. మీ గురువుగారు లేబుళ్ళు ఊరికే పీకలేదు.

పాతపెట్టె, పాలకొల్లు

తప్పుగా ఎందుకనుకుంటాను బాబూ, నీ బాధ నాకు తెలీనిదా. రేటు చెడగొట్టే కుర్రాళ్ళు ఉన్నారు, నాకూ పనులు పోయాయి. కానీ వాళ్ళని చూడు, వాళ్ళెవరూ నేర్చుకున్నోళ్ళు కాదు. సగం సగం వీడియోల్లో చూసి వచ్చినోళ్ళు. పూర్తిగా తెలిసినోడు ఇరవై వేలకి ఒప్పుకోడు, ఎందుకంటే లెక్క తెలుసు. నేను పిల్లలకి మొదట చెప్పేది ఆ లెక్కే. ఒక సిలికాన్ ముక్క ఒక్కరోజుకే పనికొస్తుంది, సాయంత్రం తీసేటప్పుడు దాని అంచు పోతుంది. హీరోకి ముసలి గెటప్ 20 రోజుల షూటింగ్ అంటే 20 సెట్లు, పైన రెండు మూడు స్పేరు. ఇది తెలీనోడు ఒక ముక్క ఖరీదు చెప్పి సినిమా ఒప్పుకుంటాడు, మూడో రోజు అదే ముక్క మళ్ళీ అతికిస్తాడు, అంచు లేచి తెర మీద చూసినోళ్ళందరూ నవ్వుతారు. రేటు చెడగొట్టింది నేర్పడమా, నేర్పకపోవడమా?

నేనూ అలా మునిగినోణ్ణే. ఒక సినిమాకి సామాను ఖర్చు, నా కూలీ కలిపి ఒక అంకె చెప్పాను. షెడ్యూల్ ఎనిమిది రోజుల నుంచి పందొమ్మిది రోజులైంది. మిగతా ముక్కలకి డబ్బులడిగితే "ముందే మాట్లాడుకున్నాం కదా" అన్నారు. సెకండ్ హాఫ్ డబ్బులు ఈరోజుకీ రాలేదు, సినిమా మాత్రం టీవీలో పండక్కీ పండక్కీ వేస్తారు, మా ఆవిడ ఛానల్ మారుస్తుంది. అప్పట్నుంచి సామాను డబ్బు మొత్తం ముందే, కూలీ వేరే, రోజుకో సెట్టు అని కాగితం మీద రాసి సంతకం తీసుకుంటాను.

గుడారం

రోజుకో సెట్టు అని కాగితం మీద రాయించడం నేను చెయ్యలేదు ఇన్నాళ్ళూ. నోటి మాటే. సరే, ఒప్పుకుంటున్నా ఈ ఒక్కదానికి. కార్డు విషయం మాత్రం నేనన్నదే.

లంకకుర్రోడు

ఇన్ని రిప్లైలు వస్తాయనుకోలేదండి, ఒక్కోటి రెండేసి సార్లు చదివాను. మరి మన వాతావరణంలో ఇవన్నీ నిలబడతాయా? పులి వేషాల రంగే రెండు గంటల్లో చెమటకి కారిపోతుంది.

పాతపెట్టె, పాలకొల్లు

మంచి ప్రశ్న, ఇది ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ చెప్పరు, వాళ్ళ పాఠాలన్నీ చల్లటి దేశాలవి, క్లాసులో ఏసీ. పట్టిసీమ దగ్గర మే నెల షూటింగ్‌కి ఒకసారి జిలెటిన్‌తో ముక్కు చేశాను, ఖర్చు తక్కువని. ఇసకలో పదకొండింటికి ఎండ. డైరెక్టర్ "యాక్షన్" అనేసరికి ముక్కు నెమ్మదిగా పెదవి మీదకి దిగడం మొదలెట్టింది. ఆర్టిస్టుకి తెలీదు, ఆయన డైలాగ్ చెప్పుకుంటూ పోతున్నాడు, ఎదురుగా ఉన్న ఆయన నవ్వాపుకోలేక కూలబడ్డాడు. జిలెటిన్ వేడికి కరుగుతుంది, మన వైపు ఎండాకాలం రాత్రి సీన్లకో ఇండోర్‌కో తప్ప వద్దు. సిలికాన్ కరగదు గానీ చెమట బయటికి పోనివ్వదు, లోపలే బుడగ కట్టి ఎక్కడో ఒక చోట అంచు తన్నుకుని వస్తుంది. అందుకని ముందురోజు రాత్రి, పొద్దున చర్మానికి చెమట తగ్గించే మందు రాయడం, నుదురు పై భాగం ఖాళీ వదలడం, టేకులకి మధ్య టేబుల్ ఫ్యాను. ఫోమ్ లేటెక్స్, అంటే నురగలా చేసిన లేటెక్స్, కొంచెం గాలాడుతుంది, కానీ దాన్ని ఓవెన్లో కాల్చాలి, గాల్లో తేమ మారితే నురగ తీరే మారిపోతుంది, మా పాలకొల్లులో శ్రావణ మాసంలో నేనసలు ముట్టుకోను.

సిలికాన్ కలిపేటప్పుడు కూడా వేడికి తొందరగా గడ్డకడుతుంది. డబ్బా మీద ఆరు నిమిషాలని రాసుంటే మన మే నెలలో మూడే అనుకో. నేను కలపాల్సిన ఎ, బి డబ్బాలు రెండూ ముందురోజు ఫ్రిజ్‌లో పెడతాను, మా ఆవిడ పెరుగు పక్కన. ఒకసారి మా అమ్మ అది మీగడ అనుకుంది, అది వేరే కథ.

ద్రాక్షారం_కిల్లీ

రక్తం గురించి ఎవరూ చెప్పలేదేంటండి. మేం నాటకానికి చక్కెర పాకంలో ఎర్ర రంగు కలిపాం. శవం పాత్ర మా బావమరిది. రెండో సీనుకల్లా చీమలు. శవం గోక్కుంటుంది.

మణికొండ_నైట్‌షిఫ్ట్

😂😂 అసలు ఫార్ములా కూడా తియ్యటిదేనండి, డిక్ స్మిత్ గారిది కార్న్ సిరప్‌తో చేసేది. మన దగ్గర బేకరీ వాళ్ళ దగ్గర దొరికే లిక్విడ్ గ్లూకోజ్ వాడతాం. చీమలుంటాయి, ఈగలుంటాయి, కొబ్బరి తోటలో అయితే ఇక చెప్పక్కర్లేదు. నోట్లోంచి వచ్చే రక్తం ఒక్కటే తియ్యటిది చేసుకోండి, ఒంటి మీద, నేల మీద పోసేది గ్లిజరిన్, నీళ్ళతో చెయ్యండి. రెండు సీసాల మీద పెద్దక్షరాలతో రాయండి, నోటిది నోటికే. ఒట్టి ఎరుపు వేస్తే షర్బత్ లాగే ఉంటుంది, ఎరుపులో కాస్త పసుపు రంగు, ఆరిపోయిన రక్తానికి కోకో పొడి. ఎవరి పంచె మీద పడుతుందో ముందే ఒక మూల చుక్క వేసి ఉతికి చూసుకోండి. అద్దె పంచెలైతే మరీను.

కాకినాడ_పాతనటుడు

పిల్లలూ, పెద్దవాణ్ణి ఒక మాట. మా రోజుల్లో పద్యనాటకానికి అర్దళం పూసుకునేవాళ్ళం, పసుపు రంగు, పెట్రోమాక్స్ వెలుగులో మొహం బంగారంలా ఉండేది. అది ఆర్సెనిక్ అని తర్వాత తెలిసింది. మా జట్టులో కృష్ణుడు వేసే ఆయనకి చెంపలు ఎప్పుడూ మంటే, కొబ్బరి నూనె రాసుకుని మళ్ళీ పూసుకునేవాడు. ఎవరూ చెప్పలేదు మాకు. రాజమండ్రిలో 1936లోనే నిడమర్తి సూరయ్య గారు దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టారని మా నాన్న గొప్పగా చెప్పేవాడు, అది నిలబడి ఉంటే ఈ కుర్రాడు ఇవాళ హైదరాబాద్ అని అడిగేవాడు కాదేమో. పాతపెట్టె గారూ, మీరు ఊళ్ళోనే ఉన్నారు కదా, మీరే ఎందుకు నేర్పకూడదు?

పాతపెట్టె, పాలకొల్లు

పెద్దాయన అడిగారు, రెండు రోజులు ఆలోచించాను. మా ఇంటి వెనక కొబ్బరికాయల షెడ్ ఖాళీగానే ఉంది. ఆదివారాలు పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా. ఆరుగురు చాలు, అంతకంటే ఎక్కువమంది చేతుల మీద నేను కన్నేసి ఉంచలేను. ఫీజు లేదు, ఎవరి మట్టి, ఎవరి ప్లాస్టర్ వాళ్ళే కొనుక్కోవాలి, భోజనం ఎవరి క్యారేజీ వాళ్ళది. సర్టిఫికెట్ ఇవ్వను, నా సంతకానికి విలువేముంది. మొదటి రెండు నెలలు సిలికాన్ మాట ఎత్తకూడదు.

ఒక విషయంలో మాత్రం నేను మా గురువు కన్నా కఠినం. మొహం అచ్చు తీసేటప్పుడు నేను పక్కన లేకుండా ఎవరూ తియ్యడానికి వీల్లేదు. ముక్కు రంధ్రాల దగ్గర ఒక మనిషి పని మానేసి అదే చూస్తూ నిలబడాలి. లోపలున్న మనిషి చెయ్యెత్తితే మొత్తం పీకెయ్యాలి, అచ్చు పోతే పోయింది. ప్లాస్టర్ ఎప్పుడూ నేరుగా చర్మం మీద పొయ్యకూడదు, గట్టిపడేటప్పుడు ఉడుకుతుంది. 2007లో ఇంగ్లండ్‌లో ఒక స్కూల్లో పదహారేళ్ళ పిల్ల చేతుల అచ్చు కోసం ప్లాస్టర్ బకెట్లో చేతులు పెట్టి వేళ్ళు పోగొట్టుకుంది. అందుకని ముందు ఆల్జినేట్, పళ్ళ డాక్టర్లు వాడేదే, చల్లటి నీళ్ళతో కలిపితే కాస్త టైమిస్తుంది, దాని మీద ప్లాస్టర్ కట్లు. తీసిన వెంటనే లోపల డెంటల్ స్టోన్, అంటే గట్టి రకం ప్లాస్టర్, పోసెయ్యాలి, ఆల్జినేట్ ఆరితే కుంచించుకుపోతుంది, మధ్యలో టీకి వెళ్తే మనిషి మొహం సన్నబడుతుంది.

గుడారం

ఊరికే నేర్పితే విలువుండదండి. కనీసం వంద రూపాయలైనా తీసుకోండి.

పాతపెట్టె, పాలకొల్లు

నువ్వొచ్చి ఒక ఆదివారం రంగు కలపడం చెప్పు, నీకిస్తారు వంద.

యానాం_నర్సు

ఇది పనికొస్తుందేమో చూడండి, సినిమాలే అక్కర్లేదు. నేను నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌ని. పిల్లలకి కాలిన గాయాలు, పడకపుళ్ళు, విరిగిన ఎముక ఎలా ఉంటాయో చూపించడానికి ఇలాంటి మేకప్పే వాడతారు, దాన్ని మౌలాజ్ అంటారు. ఫ్యాక్టరీల్లో మాక్ డ్రిల్ జరిగినప్పుడు కూడా దెబ్బలు తగిలినట్టు మనుషుల్ని పెట్టాలి, మొన్న ఒకచోట కుంకుమ చల్లి పడుకోబెట్టారు, ఫస్ట్ ఎయిడ్ చేసేవాడే నవ్వాడు. ఎవరైనా చేసేవాళ్ళుంటే మా కాలేజీలో అడుగుతాను. ఒక్క షరతు, మొదటి డిగ్రీ కాలిన గాయానికి బొబ్బలు పెట్టకూడదు, బొబ్బలు రెండో డిగ్రీకి. సినిమాల్లో అన్నిటికీ అన్నీ పెట్టేస్తారు.

పాతపెట్టె, పాలకొల్లు

అమ్మా, మీరు ఒక ఆదివారం వచ్చి ఆ గాయాల పాఠం మాకు చెప్పాలి. 17 ఏళ్ళుగా బొబ్బలు పెడుతున్నాను.

లంకకుర్రోడు

ఐదు ఆదివారాలయిందండి, అప్డేట్ ఇద్దామని.

మొదటి రోజు మాస్టారు అందరికీ కిలో మట్టి, ఒక చెంచా ఇచ్చి ఎదురుగా ఉన్నవాడి ముక్కు చెయ్యమన్నారు. సాయంత్రం దాకా ఉండిపోయాను, మూడు చేశాను, మూడూ సినిమా హీరో ముక్కులే వచ్చాయి, మా ఎదురుగా ఉన్నాయనది బుర్ర ముక్కు. "నువ్వు చూసింది చెయ్యట్లేదు, తెలిసింది చేస్తున్నావు" అన్నారు. రెండో వారం ముక్కులే. మూడో వారం చెవులనుకుంటే మళ్ళీ ముక్కులే. నిజం చెప్పాలంటే మూడోవారం బస్సులో మానేద్దామనుకున్నాను. ఇప్పటికి 14 ముక్కులు చేశాను, పన్నెండోది భీమవరం అక్క ముక్కు, ఆవిడ చూసి "ఇది నాదే" అని నవ్వింది, కన్నం పెట్టుకున్న పక్క కాస్త లావుగా ఉంటుంది, అదీ వచ్చింది. నాలుగో వారం అక్క చర్మం రంగులు చెప్పింది, మాస్టారు కూడా మాతో పాటు కూచుని నోట్స్ రాసుకున్నారు! గుడారం గారు కూడా వచ్చారు, వస్తానని ఎవరికీ చెప్పలేదు, వెళ్ళేటప్పుడు ఒక రంగుల ప్యాలెట్ షెడ్‌లో వదిలేసి వెళ్ళారు, మర్చిపోయారో ఏమో.

డౌటేంటంటే నా ప్లాస్టర్ అచ్చులో బుడగలొస్తున్నాయి, ముక్కు పక్కన పుట్టుమచ్చల్లా ఉన్నాయి.

కొత్తపేట_మట్టి

ప్లాస్టర్‌లో నీళ్ళు పోస్తున్నావా? నీళ్ళలో ప్లాస్టర్ చల్లాలి, దానంతటది మునిగేదాకా ఆగాలి, తర్వాత చెయ్యి అడుక్కి పెట్టి నెమ్మదిగా కదపాలి, గరిటెతో గిలక్కొట్టకు. మొదటి పొర బ్రష్‌తో పులిమి ఊది, అప్పుడు మిగతాది పొయ్యి. ప్లాస్టర్ బస్తా నేల మీద పెట్టావా ఏంటి? మన తడికి నెలలో చచ్చిపోతుంది, డ్రమ్ములో మూత పెట్టు.

లంకకుర్రోడు

గరిటెతోనేనండి గిలక్కొట్టింది 🙏

ఇంకో సంగతి. నిన్న మా నాన్న నా ముక్కులన్నీ అరుగు మీద వరసగా పెట్టి ఉంటే చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయి, రాత్రి అన్నం తినేటప్పుడు అడిగారు, "ఆ మొహం అచ్చు తీస్తారన్నావు, అది నొప్పుంటుందా" అని. లేదన్నాను. "మరి ఊపిరి?" అన్నారు. ముక్కు దగ్గర మాస్టారే నిలబడతారన్నాను. వచ్చే ఆదివారం నాతో వస్తానన్నారు. మాస్టారూ, ఆయనకి పెద్ద మీసం, నలభై ఏళ్ళ నుంచి తియ్యలేదు. తీయించాలా?

పాతపెట్టె, పాలకొల్లు

వద్దు వద్దు, ఆయన మీసం ముట్టుకున్నావంటే షెడ్‌కి తాళం వేస్తాను. మీసానికీ కనుబొమ్మలకీ వాజ్‌లైన్ దట్టంగా పట్టించి చదునుగా దువ్వుదాం, ఒక్క వెంట్రుక రాదు. పొద్దున ఏదైనా తిని రమ్మను, ఖాళీ కడుపుతో పావుగంట కదలకుండా కూచోలేరు. ఏడున్నర బస్సుకి దిగితే స్టాండు దగ్గరకి నేనే బండి తెస్తాను.

ఆత్రేయపురం_పూత

కనుబొమ్మలు జాగ్రత్తండి బాబూ, ఇంట్లో ఇంకా పెళ్ళిళ్ళున్నాయేమో.